ఎడమ చివరి చోటు

శీనూ,

ఎలా ఉన్నావురా? అడిగేశాను చూడు, అలవాటు కొద్దీ.

నువ్వు వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. ఏడాది దాటితే కాస్త తేలికపడుతుందని అందరూ అన్నారు. ఏమో... తేలికైందో, అలవాటే అయిందో నాకు తెలియడం లేదు.

మన ఎదురు ఫ్లాట్‌లో, అదే నీ ఫ్లాట్‌లో, ఇప్పుడు కొత్తగా పెళ్ళైన జంట ఉంటున్నారు. ఇద్దరూ మైండ్‌స్పేస్ వైపు ఎక్కడో ఉద్యోగం. చెప్పుల స్టాండు సరిగ్గా నువ్వు పెట్టిన చోటే పెట్టారు. మొదటి వారం తలుపు తీసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. వాళ్ళ మీద కోపం ఎందుకో నువ్వే చెప్పు! గుమ్మం పక్కన చెప్పుల స్టాండు కాక ఇంకేం పెడతారు?

ఇవాళ ఆదివారం. ప్రాక్టీసుకి సెలవిచ్చారు. నీ అల్లుడు తరుణ్ ఇంకా లేవలేదు. మీ బావ పేపరు ముఖం మీద కప్పుకుని కునుకు తీస్తున్నారు. నీకు చాలా చెప్పాలి, అందుకే కూర్చున్నాను. ఎక్కువగా తరుణ్ గురించే.

మనవాళ్ళకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే కదా. "చేత్తో విసిరేదాన్ని ఫుట్‌బాల్ అంటారేంట్రా?" అని నేను అడిగినప్పుడల్లా నవ్వేవాడివి. మీ ఆఫీసు ఫోన్‌లో అమెరికా వాళ్ళు సోమవారం ముందు పది నిమిషాలు ఆ ఆట గురించే మాట్లాడుకుంటారని, మాట కలపడానికి చూడటం మొదలుపెట్టావు. చివరికి నార్సింగిలో రింగు రోడ్డు పక్కన గ్రౌండు వెతికి, ఐటీ వాళ్ళని సగం, ఊరి కుర్రాళ్ళని సగం పోగేసి ఏకంగా టీమే కట్టావు. పేరు 'బండలు'. ఆ గ్రౌండు చుట్టూ ఉన్నవి అవే మరి.

టీమ్ కట్టినవాడివి, బంతి విసిరేవాడిగా ఉండొచ్చు కదా అంటే వినలేదు. ముందు వరసలో, ఎడమ చివర నిలబడ్డావు. "బంతి ముట్టుకోని వాళ్ళ ఆట అక్కా ఇది" అనేవాడివి. ఐదుగురు భుజం భుజం కలిపి, మీదికొచ్చేవాళ్ళని ఆపుతూ ఉంటే, వెనక ఒక్కడు బంతి పట్టుకుని ఎవరికి విసరాలో చూసుకుంటాడు. "వాడికి మూడు సెకన్లు ఇస్తే రాజు. రెండే ఇచ్చావనుకో, దొంగ" అనేవాడివి. కుడిచేత్తో విసిరేవాడు కుడికి తిరిగితే ఎడమ పక్క, వీపు వైపు, కనిపించదట. ఆ కనిపించని పక్క నీది.

ఆ బంతి విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్, మన తరుణ్. పదిహేడేళ్ళకే వాడి చేతిలో బంతి పెట్టేశావు. నేను ఎంత గొడవ చేశానో గుర్తుందా? "వాడి చెవులు కుట్టించినప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టావ్?" అని అడిగావు. నీ ఒళ్ళోనే. నువ్వు వెనక నుంచి రెండు అరచేతులతో వాడి తల పట్టుకున్నావు. సూది దిగినా వాడు ఏడవలేదు, నీ చేతుల వంక చూడాలని కళ్ళు పైకి తిప్పుతూ కూర్చున్నాడు. "అదే పని అక్కా. అప్పుడు వెనక ఉన్నా, ఇప్పుడు ముందుంటా" అన్నావు. ఇక సరేనన్నాను.

ప్రతిసారీ బంతి కదిలే ముందు నువ్వు వెనక్కి చూడకుండానే "ఉన్నా అల్లుడూ" అనేవాడివి. గ్రౌండు బయట కూర్చున్న నాకు కూడా వినిపించేది, నీ గొంతు అలాంటిది కదా.

నువ్వు పోయాక తరుణ్ రెండు నెలలు గ్రౌండు ముఖం చూడలేదు. తర్వాత వెళ్ళాడు. వెళ్ళాడని ఎంత సంతోషపడ్డానో! కానీ వాడి ఆట... ఎలా చెప్పను? బంతి చేతికి రాగానే కాలుతున్న పెనం పట్టుకున్నట్టు విసిరేయడం. నేలకేసి. అవతలి టీమ్ వాడి చేతుల్లోకి. ఒకసారి మన వాడి వీపుకేసి. వరసగా ఓడిపోతున్నారు.

నీ తర్వాత సుధీర్ గారు కోచ్‌గా వచ్చారు. మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం, భీమవరం మనిషి, మర్యాదస్థుడు. రెండు నెలల క్రితం నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు. "పిల్లాడు బంగారమండీ. కానీ ధైర్యం పోయిందండీ. బెంగళూరు వాళ్ళతో మ్యాచ్‌కి కూర్చోబెట్టేద్దామనుకుంటున్నా. తప్పుగా అనుకోకండి."

తప్పుగా ఏమనుకుంటాను? నాకూ అలాగే అనిపించింది. దుఃఖం అనుకున్నాను. కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళాను. నిద్ర సరిపోవట్లేదన్నాను, ఫోను ఎక్కువైందన్నాను. ఒకరోజు విసుగెత్తి "మావయ్య నీ కోసం అంత చేస్తే, నీకు శ్రద్ధ లేకుండా పోయింది" అని కూడా అనేశాను. అనగానే నాలుక కరుచుకున్నాను. వాడు బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, "అమ్మా, వెనక నుంచి అడుగులు వినిపిస్తాయి. ఎవరూ లేకపోయినా" అన్నాడు.

పిచ్చిదాన్ని. అది వాడి మనసులో ఉందనుకున్నాను.

నీకు తెలుసు కదా, నేను దేన్నీ నమ్మను. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. "నీకు జీతం ఇచ్చి మరీ అనుమానించడం నేర్పించారే అక్కా" అని ఏడిపించేవాడివి. గ్యాస్ కట్టానా, తలుపు వేశానా, ఆటోవాడు సరైన దారిలోనే వెళ్తున్నాడా... అన్నీ అనుమానమే. ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్కటి చివర్లో రాస్తాను, ధైర్యముంటే.

నువ్వు స్టాండు మీద ఫోను పెట్టి మ్యాచ్‌లు తీసేవాడివి కదా, ఆ పని ఇప్పుడు నాది. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని ఒప్పుకున్నాను. సుధీర్ గారు ఆ మాట అన్న మర్నాడు, ఆఫీసులో లంచ్‌కి వెళ్ళకుండా, పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఆ వీడియోలన్నీ ముందేసుకున్నాను. నువ్వున్నప్పటివి, లేనప్పటివి. మా పనిలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోయిందో అక్కడ చూడకూడదు, దానికి ముందేం జరిగిందో చూడాలి. ఇన్నాళ్ళూ నేను తరుణ్ చేతినే చూస్తున్నాను. ఆ రోజు చేతిని వదిలేసి ముందు వరసని చూశాను.

బంతి కదిలిన దగ్గర్నుంచి లెక్కపెట్టాను. నువ్వున్నప్పుడు తీరిగ్గా ఒకటి, రెండు, మూడు అనేదాకా వాడి దగ్గరికి ఎవరూ రాలేదు. ఇప్పుడు 'రెండు' నోట్లోంచి వచ్చేలోపే ఎడమ పక్క నుంచి ఎవడో ఒకడు మీద పడుతున్నాడు. ప్రతి వీడియోలోనూ ఎడమ పక్కే.

ఇంకోటి కూడా కనిపించింది. నీ చోట ప్రతి ఆదివారం ఒక కొత్త మనిషి. ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి, ఒకసారి కళ్ళజోడు. నీ పక్కన నిలబడే మల్లేశ్, నార్సింగిలో వాటర్ ట్యాంకర్ నడిపే మల్లేశ్, బంతి కదిలే ముందు ప్రతిసారీ ఎడమ పక్కకి తల తిప్పి చూస్తున్నాడు. ఇవాళ పక్కనున్నది ఎవడా అని. అలా చూసి తల ముందుకి తిప్పేలోపు ఆలస్యం. నువ్వున్న వీడియోల్లో మల్లేశ్ ఒక్కసారి కూడా ఎడమకి చూడలేదురా. ఒక్కసారి కూడా.

తరుణ్‌కి అడుగులు వినిపించడం భ్రమ కాదు. నిజంగానే వస్తున్నాయి. ఇన్ని నెలలు వచ్చి వచ్చి, రాని రోజు కూడా వినిపిస్తున్నాయి.

సాయంత్రం మల్లేశ్‌కి ఫోన్ చేశాను. నీ చోట వారానికొకరిని ఎందుకు నిలబెడుతున్నారని కొంచెం గట్టిగానే అడిగాను. అతను మెల్లగా అన్నాడు.

"నువ్వే జెప్పినవ్ గదక్కా."

నేనా?

"దినాలనాడు మేమందరం మీ ఇంటికొచ్చినం. అన్న జాగల ఎవర్ని వెట్టాలె అని నిన్నే అడిగినం. 'వాడి చోట ఎవరూ వద్దు' అన్నవు. ఇగ ఇంటి మనిషి జెప్పినంక మల్ల మాటుంటదా? ఎవర్నీ పక్కాగ వెట్టలే. ఒక్కో వారం ఒక్కడు నిలవడ్తుండు. అన్న డ్యూటీ అంటం మేము."

శీనూ, నాకు గుర్తే లేదురా! ఆ రోజు గుమ్మం బయట కుప్పగా పడున్న బూట్లు గుర్తున్నాయి. ఇరవై మంది పెద్ద పెద్ద మనుషులు మన హాల్లో నేల మీద గొంతుక్కూర్చోవడం గుర్తుంది. వాళ్ళకి కాఫీ సరిపోతుందా అని కంగారుపడటం గుర్తుంది. ఈ మాట మాత్రం... ఎలా అన్నాను? ఏ ధ్యాసలో అన్నాను? వాళ్ళేమో అడగవలసిన పద్ధతి ప్రకారం ఇంటివాళ్ళని అడిగారు. నేను ఏడుపులో ఏదో అన్నాను. ఆ మాట పట్టుకుని ఏడాది పాటు ఓడిపోయారు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేంటి మల్లేశ్?" అన్నాను.

"ఏమని జెప్పాలక్కా? నువ్వు మల్ల పరేషాన్ అయితవని..."

సుధీర్ గారిని అడిగితే "నాకూ అనుమానం వచ్చిందండీ, కానీ మీ ఇంటి విషయం కదా, ఎలా కదుపుతాను" అన్నారు. ఇక తరుణ్. ముందే తెలుసా నీకు అని అడిగాను. తెలుసన్నాడు. మరి నాతో అనలేదేం అంటే, ఫ్రిజ్ తలుపు తీసి అందులోకి చూస్తూ "నువ్వు బాధపడతావని" అన్నాడు. తీసుకోవడానికి ఆ ఫ్రిజ్‌లో ఏమీ లేదు.

చూశావా? నాకు దెబ్బ తగలకుండా అందరూ కలిసి అడ్డం నిలబడ్డారు. దెబ్బలు మాత్రం వాడు తిన్నాడు. పైగా శ్రద్ధ లేదని నేను తిట్టాను కూడా.

రెండు రోజులు నాతో నేనే కొట్లాడాను. పరీక్షించడం చేతనైనదాన్ని కదా, నన్ను నేను పరీక్షించుకున్నాను. నీ చోటు ఇంకొకరికి ఇమ్మంటే నువ్వు ఇంకాస్త దూరం వెళ్ళిపోయినట్టు కాదా? కాదని బుద్ధి చెప్తుంది. బుద్ధి మాట ఎవరు వింటారు? నీ నీలం జెర్సీని వాళ్ళు ప్రతి మ్యాచ్‌కీ తెచ్చి గ్రౌండు పక్కన ప్లాస్టిక్ కుర్చీకి తొడిగేవాళ్ళు. నేను ఆ కుర్చీ పక్కనే కూర్చునేదాన్ని. నిజం చెప్పనా? నాకు అది బాగుండేది.

ఆ ఆదివారం గ్రౌండుకి వెళ్ళి అందరినీ పిలిచాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, అక్కడ ఒక్కటీ గుర్తురాలేదు. "ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. శీను చోట ఒక్కరే నిలబడాలి. రోజూ అతనే నిలబడాలి" అని మాత్రం అన్నాను. కుర్చీ మీది జెర్సీ తీసి మడత పెట్టి నా సంచిలో పెట్టుకున్నాను. రింగు రోడ్డు మీద లారీల మోత ఒక్కటే.

అందరూ మల్లేశ్ వైపు చూశారు. ఆరేళ్ళు నీ పక్కన నిలబడ్డవాడు, నీ అడుగు తెలిసినవాడు. అతని చోటులోకి ఇంకొకరు వస్తారు, నీ చోటుకి అతనే. అతనేమో రెండడుగులు వెనక్కి వేశాడు. "అన్న జాగల నేనా? నాతోని గాదక్కా!"

నీ బూట్లు తీసుకెళ్ళాను, ఇద్దామని. మల్లేశ్ మొహమాటం పోవాలని అక్కడే తొడుక్కోమన్నాను. తొడుక్కున్నాడు. నాలుగడుగులు నడిచేసరికి కాలు ముందుకి, బూటు వెనక్కి. "గివి బూట్లా అక్కా? వీటిల నేను పండుకోవచ్చు" అన్నాడు. శీనూ, అందరూ పడీ పడీ నవ్వారు. తరుణ్ కూడా. వాడి నవ్వు ఎన్నాళ్ళకి విన్నానో. బూట్లు తిరిగి ఇంటికే వచ్చాయి. నీ కాలికి ఇంకెవరు సరిపోతారు?

తర్వాత అతను సున్నం గీత దగ్గరికి వెళ్ళి, ఎడమ చివర వంగి నిలబడ్డాడు. నిలబడే ముందు నేల తాకి కళ్ళకద్దుకున్నాడు. నేను అటు తిరిగిపోయాను.

అద్భుతమేం జరగలేదు. మొదటి వారం మల్లేశ్‌ని ఒకడు వెల్లకిలా తోసేశాడు, తరుణ్ అతని కింద నలిగాడు. రెండో వారం కాస్త నయం. వాళ్ళు ఐదుగురు బంతి లేకుండా, ఊరికే, కలిసి ఒక అడుగు వెనక్కి వేయడం గంటసేపు చేసేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ అదే అడుగు. నువ్వు చేయించినట్టే. "ఐదు పెళ్ళిళ్ళు ఒకేసారి అక్కా, ఒక్కడు అలిగినా భోజనాలు ఆగిపోతాయి" అనేవాడివి కదా.

ఒక మాట తేలలేదు. నువ్వు 'ఉన్నా అల్లుడూ' అనేవాడివి కదా, అది తను అనాలా వద్దా అని మల్లేశ్ నన్ను అడిగాడు. నాకేం తెలుసు? తరుణ్‌ని అడగమన్నాను. వద్దన్నాడట. అది మావయ్యది అన్నాడట. సరేనని ఊరుకున్నారు.

పోయిన ఆదివారం బెంగళూరు వాళ్ళతో మ్యాచ్. సుధీర్ గారు తరుణ్‌నే దింపారు. "ఒక్కసారి చూద్దామండీ" అన్నారు. మీ బావ కూడా వచ్చారు, ఆట అర్థం కాకపోయినా ప్రతిదానికీ చప్పట్లు కొట్టారు, వాళ్ళకి కూడా. నేను ఫోను స్టాండుకి పెట్టి, కళ్ళు తరుణ్ కాళ్ళ మీదే పెట్టుకున్నాను. మడమలు నేల మీద నిలవడం లేదు. ఎగురుతూనే ఉన్నాయి. మొదట రెండుసార్లు అలాగే తొందరపడి విసిరేశాడు.

మూడోసారి వంగబోతూ మల్లేశ్, వెనక్కి చూడకుండా, ఎవరికీ చెప్పినట్టు కాకుండా అన్నాడు.

"ఉన్న తమ్మీ."

వాడి మడమలు నేలకి ఆనాయి శీనూ. నేను చూశాను. వీడియోలో కూడా ఉంది, ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో.

బంతి కదిలింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు కూడా అన్నాను! ఎవరూ రాలేదు. వాడు తీరిగ్గా తల ఎత్తి, అటూ ఇటూ చూసి, గ్రౌండు చివరిదాకా విసిరాడు. ఎంత అందంగా తిరుగుతూ వెళ్ళిందో... అక్కడ పట్టుకోవలసిన మహానుభావుడు రెండు చేతుల్లోంచీ జారవిడిచాడు.

నేను లేచి గంతులేశాను. పక్కనున్నవాళ్ళు ఈవిడకి ఆట రాదనుకుని ఉంటారు.

ఓడిపోయాం. కొంచెంలో. ఇంటికొచ్చేటప్పుడు కారులో తరుణ్ అన్నాడు, "అమ్మా, ఇవాళ అడుగులు వినిపించలేదు." అంతే. తర్వాత లింగంపల్లి దగ్గర ఆపించి రెండు ప్లేట్లు ఇడ్లీ తిన్నాడు.

ఇప్పుడు చివర్లో రాస్తానన్నది.

మ్యాచ్ అయ్యాక మల్లేశ్ నీళ్ళ సీసా పట్టుకుని నా పక్కన కూలబడ్డాడు. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. ఏమైందన్నాను.

"ఏం లేదక్కా. ఆట నొప్పే."

నీ మాటే. అక్షరం తేడా లేదు. ఆ బుధవారం మా వంటింట్లో భుజం రుద్దుకుంటూ నువ్వూ అదే అన్నావు. "ఆట నొప్పే అక్కా." నేను పోపు వేస్తున్నాను. జండూబామ్ అక్కడుంది తీసుకో అన్నాను. శుక్రవారం ఆఫీసు మెట్ల మీద నువ్వు... ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించినదాన్ని, ఆ ఒక్క మాట ఎలా నమ్మానురా? నువ్వు కాబట్టా? అంత పెద్ద మనిషివి, నీకేమవుతుందనా? అందరినీ ఆపేవాడిని ఎవరు ఆపాలో మనకి తట్టనేలేదు.

మొన్న బుధవారం సెలవు పెట్టాను. మల్లేశ్‌ని, ముందు వరసలో మిగతా నలుగురినీ కూడా తీసుకుని లింగంపల్లి దగ్గర ఒక ఆసుపత్రికి వెళ్ళాను. మల్లేశ్ దారంతా సణిగాడు. "జర ఆలోచించక్కా, ఆట నొప్పికి దవాఖానకు పోతరా? ఊళ్ళె నవ్వుతరు." నవ్వనీ అన్నాను. ఐదుగురు కొండల్లాంటి మనుషులు ఆ వరండాలో సన్నటి బెంచీ మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బళ్ళో పిల్లల్లా కూర్చున్నారు. నర్సమ్మ వచ్చి "పేషంటు ఎవరండీ?" అంది. "ఐదుగురూ" అన్నాను. "మీరు ఏమవుతారు?" అంది.

"అక్కని" అన్నాను.

అందరికీ ఈసీజీ తీయించాను. మల్లేశ్‌కి నిజంగా ఆట నొప్పేనట. గుండె బాగుందని డాక్టరు చెప్పేదాకా గోడకానుకుని నిలబడే ఉన్నాను. చెప్పాక కూర్చున్నాను. ఆ ఐదుగురిలో ఒకతనికి బీపీ ఉంది, ఇన్నాళ్ళూ తెలియదు. మందు మొదలుపెట్టారు. వేసుకుంటున్నాడో లేదో రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను. విసుక్కుంటున్నాడు. విసుక్కోనీ.

నిన్ను అడగలేకపోయినందుకు ఇది సరిపోతుందని కాదు. సరిపోదు. అది నాకు తెలుసు.

నీ జెర్సీ నా బీరువాలో, పట్టుచీరల అరలో ఉంది. ఆ చోటు ఎవరికీ ఇవ్వను, ఎవరు అడిగినా. గ్రౌండులో మాత్రం నీ చోట మనిషి ఉన్నాడు. నువ్వు ఇక బెంగపెట్టుకోకు.

తరుణ్ లేచినట్టున్నాడు, కుర్చీ జరిపిన చప్పుడు. టిఫిన్ పెట్టాలి. ఎవరైనా 'ఏం లేదక్కా' అంటే ఇక నమ్మను శీనూ. మాటిస్తున్నాను. వాళ్ళు ఐదుగురూ వాడి కోసం ముందుకే చూస్తారు కదా, వాళ్ళ వెనక నేను చూస్తుంటాను.

ఉన్నాను.

అక్క